అలిగిన డ్రాగన్‌ను ఎవరు బతిమాలాలి?

అర్థం కాని నియమాలు మనిషికి వరం. లోకంలో జరిగే అనర్థాలన్నీ అర్థమయ్యే నియమాల వల్లే జరుగుతున్నాయని నా నిశ్చితాభిప్రాయం.

నవ్వకండి. ‘ఇచ్చట వాహనములు నిలుపరాదు’ అన్న బోర్డు చూశారు కదా? అంతకంటే విడమరిచి చెప్పడం ఎవరి తరమూ కాదు. మా వీధిలో ఆ బోర్డుకే ఒకాయన రోజూ తన స్కూటరు ఆనించి వెళతాడు. స్టాండు పాడైందట, బోర్డు లేకపోతే స్కూటరు పడిపోతుందట. స్పష్టంగా చెప్పిన నియమానికి దక్కే మర్యాద ఇంతే.

అదే మా ఇంట్లో నడుస్తున్న ‘ఏడు కోటల పోరు’ అనే కార్డుల ఆట సంగతి చూడండి. అరవై నాలుగు పేజీల రూల్‌బుక్. అందులో ఒక్క ముక్క ఎవరికీ బోధపడదు. అయినా నలుగురు పెద్దమనుషులు దాన్ని కళ్లకద్దుకుని పాటిస్తున్నారు. అర్థమై ఉంటే ఈపాటికి నలుగురూ నాలుగు దొడ్డిదారులు కనిపెట్టేవారు.

ఈ ఆట మీద నాకు ఎంత గౌరవమంటే, దాని కోసం నా రాతబల్లను కూడా వదులుకున్నాను. భోజనాల బల్ల గుండ్రంగా ఉంది, ఏడు కోటలకు మూలలు కావాలన్నారు. మూలలున్న బల్ల ఇంట్లో నాదొక్కటే. పద్దెనిమిదేళ్లుగా ఈ కాలమ్‌ను నేను ఆ బల్ల మీదే, కిటికీ పక్కన కూర్చుని రాశాను. ఇప్పుడు ఇస్త్రీ బల్ల మీద రాస్తున్నాను. గట్టిగా పుల్‌స్టాప్ పెడితే కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం మాత్రమే.

తెలియనివారి కోసం ఆట గురించి రెండు ముక్కలు. ఇది పేకాట కాదు. కార్డుల మీద డ్రాగన్లు, మంత్రగత్తెలు, మరుగుజ్జులు ఉంటారు. ఒక్కొక్కరికి బలం ఎంతో అంకెలో వేసి, కింద స్వభావం రాస్తారు. గర్విష్ఠి, కలహప్రియుడు, మొహమాటస్తుడు, అలకబూనేవాడు, ఇలా పదహారు రకాలు. బలం ఎంతున్నా చివరికి నడిపించేది స్వభావమే. కొండంత డ్రాగన్ కూడా మొహమాటస్తుడైతే, పక్క కోట మరుగుజ్జు వచ్చి ‘కాస్త గోడ కట్టిపెట్టవూ’ అంటే కాదనకూడదు. అది అక్కడ గోడ కడుతూ ఉంటే ఇక్కడ దాని కోట కూలిపోతుంది. ఇలాంటి డ్రాగన్లు మా ఆఫీసులో ఇద్దరున్నారు, వారి ఫైళ్లు ఇప్పటికీ కదల్లేదు.

అలకబూనేవాడి సంగతి మరీ విచిత్రం. అవమానం జరిగితే ఆ కార్డును అడ్డంగా తిప్పి పెట్టాలి. అడ్డంగా ఉన్నంతకాలం అది కొట్టదు, కదలదు, సాయానికి రాదు. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. ఏ కార్డు వేయాలన్నా ముందు బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరినీ ‘అభ్యంతరమా?’ అని అడగాలి. అందరూ ‘లేదు’ అన్నాకే వేయాలి. ఒక్కరు ‘ఉంది’ అన్నా ఆట ఆగిపోతుంది, వాదన మొదలవుతుంది.

ఈ పెట్టెను మా ఇంటికి తెచ్చినవాడు మా బావమరిది. లిఫ్టులు బాగుచేస్తాడు. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన ఒక పెద్దాయనను బయటికి లాగినందుకు ఆయన కృతజ్ఞతగా దీన్ని చేతిలో పెట్టాడట. ఆయన లోపల ఉన్నంతసేపూ రూల్‌బుక్ చదివాడని, అందుకే అంత తొందరగా వదిలించుకున్నాడని నా అనుమానం.

కార్డుల స్వభావాలు సరే, వాటిని పట్టుకున్న చేతుల స్వభావాలు చూడాలి మీరు!

మా బావమరిది ముందు కార్డు వేసేసి, తర్వాత ‘అభ్యంతరమా?’ అంటాడు. లిఫ్టుల దగ్గర ఈ వరస తారుమారు చేయడని ఆశిస్తున్నాను.

మా అత్తగారు ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ కార్డులతో గెలవరు, వాక్యాలతో గెలుస్తారు. “వేయవచ్చును అన్నారు బాబూ, వేయవలెను అనలేదు,” అని కళ్లజోడు సర్దుకుంటే అవతలివాడి సైన్యం అక్కడికక్కడే చాప చుట్టేస్తుంది. ఆట మొదలయ్యాక ఆవిడ బీపీ తగ్గింది. ఎదుటివారిది పెరిగింది.

పై వాటాలో ఉండే మందుల షాపాయన మరో రకం. మంచి కార్డులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఒక్కటీ వేయడు. “నలిగిపోతుందండీ,” అంటాడు. ప్రతి కార్డుకూ ప్లాస్టిక్ తొడుగు వేసి, వాటిని ఇంకో కవరులో పెట్టి, ఆ కవరును గుండెకు హత్తుకుని ఓడిపోతూ ఉంటాడు. కొత్త ప్యాకెట్ కొన్నప్పుడల్లా అలవాటు కొద్దీ ఎక్స్‌పైరీ తేదీ వెతుకుతాడు.

ఇక మా ఆవిడ. పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు చూస్తుంది. రోజంతా నోరు తెరిచినవారి మధ్య ఉండడం వల్లనేమో, ఇంట్లో తను తెరవడం తక్కువ. ఎవరేం వేసినా, ‘అభ్యంతరమా?’ అంటే ‘లేదు’ అంటుంది. అంత శాంతమూర్తి దొరకడం నా అదృష్టమని ఇన్నేళ్లుగా నలుగురికీ చెప్పుకుంటున్నాను.

నేను ఆడను. నాది గర్విష్ఠి స్వభావం. పక్కన నిలబడి చూసి జాలిపడతాను.

ఇంతకీ లాభాలేమిటంటారా? ఒకప్పుడు ఆదివారం వస్తే మా ఇంట్లో తలా ఒక మూల, తలకొక ఫోను. అత్తగారు కాఫీ కావాలన్నా మెసేజ్ పెట్టేవారు. ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నియమం అర్థం కాదు కనక అడగాలి, అడిగినవాడికి చెప్పేవాడికీ అర్థం కాదు కనక మూడోవాణ్ణి పిలవాలి. ఇంతమందిని కలిపే శక్తి స్పష్టమైన నియమానికి ఉందా? స్కూటరాయనను ఎవరైనా పలకరిస్తున్నారా?

అలాంటి సుభిక్షమైన రోజుల్లో డ్రాగన్ అలిగింది.

బావమరిది మంత్రగత్తె మా ఆవిడ డ్రాగన్‌ను చూసి నవ్వింది. కార్డు మీద అలాగే రాసి ఉంది, ‘నవ్వుతుంది’ అని. డ్రాగన్ అలకబూనేవాడు. అడ్డంగా తిప్పి పెట్టారు. మర్నాటికి దాన్ని లేపాలి. లేపాలంటే ఎవరో ఒకరు బతిమాలాలి. బతిమాలినవారికి రెండు కార్డులు నష్టం. పంతొమ్మిదో పేజీలో ‘అలిగించినవారే బతిమాలవలెను’ అని ఉంది. యాభై రెండో పేజీలో ‘అలిగినవారు తమంతట తామే కోలుకొనవలెను’ అని ఉంది.

మూడు పూటల వాదన తర్వాత అత్తగారు కంపెనీకి ఉత్తరం టైపు చేశారు, మూడు ప్రతులు. జవాబు వచ్చేదాకా ఎనిమిదో పేజీ ప్రకారం బల్ల మీద ఏదీ కదపకూడదు. మా వాళ్లు కదపలేదు. నలభై ఒక్క రోజులు! వాళ్లు రోజూ వచ్చి బల్ల చుట్టూ కూర్చుని, అడ్డంగా పడి ఉన్న డ్రాగన్‌ను చూసి, టీ తాగి వెళుతున్నారు. ఫ్యాను వేయనివ్వరు. నా పెన్నుల డబ్బా మూడో కోట వెనక ఖైదులో ఉంది.

ఇస్త్రీ బల్ల రెండుసార్లు కూర్చున్నాక నేను ఒక నిర్ణయానికి వచ్చాను. రూల్‌బుక్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివాను. రాసినవాళ్లతో కలిపి లెక్కేసినా, ఆ పని చేసిన మొదటి మనిషిని నేనేనని నమ్మకం. అరవై ఒకటో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో నా మోక్షం దొరికింది. ‘బల్ల యజమాని ఆటగాళ్లందరినీ అభ్యంతరము అడిగి, ఎవరికిని లేనిచో, ఆటను ముగించవచ్చును.’

ఆ ఆదివారం టీ అయ్యాక లేచి నిలబడ్డాను. పేజీ చదివి వినిపించాను. అడిగాను.

“నాకేం లేదు బావా. ఎలాగూ ఓడిపోయేవాణ్ణే,” అన్నాడు బావమరిది.

“అంచులు పట్టుకుని తీస్తానంటే నాకూ లేదండీ,” అన్నాడు మందుల షాపాయన.

“బల్ల మీదేనా అల్లుడుగారూ?” అన్నారు అత్తగారు.

“నేను కొన్నదే.”

“అయితే నాకు లేదు.”

మా ఆవిడ వైపు తిరిగాను. మర్యాద కోసమే తిరిగాను. మనసులో అప్పటికే పెన్నుల డబ్బా విడిపించి, కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.

“ఉంది,” అంది మా ఆవిడ.

ఆ బల్ల దగ్గర ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు.

“ఏం అభ్యంతరం?”

“బల్ల మీదే. కాదనను. బల్ల ఉన్న చోటు నాది.”

నాకు తలా తోకా తెలియలేదు. ఆవిడే చెప్పింది.

“ఈ కిటికీ దగ్గర నా కుట్టుమిషన్ ఉండేది. వీధిలో సగం మంది నా దగ్గరే కుట్టించుకునేవాళ్లు. నేను అమ్మ దగ్గరికి వెళ్లి వారానికి వచ్చేసరికి మిషన్ అటకెక్కింది, బల్ల దిగింది. వెలుతురు బాగుందన్నారు. నాకూ అందుకే అక్కడ కావాలి.”

“నువ్వు ఏమీ అనలేదు కదా,” అన్నాను.

“మీరు అడగలేదు కదా,” అంది.

అంతే. గొంతు పెంచలేదు. టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మందుల షాపాయన కవరును ఇంకాస్త గట్టిగా హత్తుకున్నాడు. నాకు మాత్రం సిగ్గేసింది. ఈ కాలమ్‌లో ఎవరెవరు ఎవరి నోళ్లు నొక్కుతున్నారో పద్దెనిమిదేళ్లుగా ఏకరువు పెట్టినవాణ్ణి నేను. ఆ ఏకరువంతా ఆ బల్ల మీదే పెట్టాను.

గురువారం కంపెనీ జవాబు వచ్చింది. అత్తగారు పైకి చదివారు. ‘రెండు పేజీలును సరియైనవే. అలిగిన సంగతి అలిగించినవారికి తెలియనంత కాలము యాభై రెండవ పేజీ వర్తించును. తెలిసిన క్షణము నుండి పంతొమ్మిదవ పేజీ వర్తించును.’

ఆవిడ కళ్లజోడు తీశారు. మంత్రగత్తె తన కొడుకుది కదా, వాడి వైపు చూడాలి. నా వైపు చూశారు.

“తెలిసింది కదా అల్లుడుగారూ,” అన్నారు.

పాఠకులారా, నా అసలు గోడు ఇప్పుడు వినండి. ఆ రెండు పేజీలూ పోట్లాడుకున్నంతకాలం నేను సుఖంగా ఉన్నాను. ఎవరు ఎవరిని బతిమాలాలో తేలలేదు కనక ఎవరినీ బతిమాలలేదు. అరవై నాలుగు పేజీల్లో ఒకే ఒక్క నియమం అర్థమైంది, మర్నాడే నా బల్లకు స్థానచలనం కలిగింది. అర్థం కాని నియమాలు వరమని ఊరికే అన్నానా?

అటక ఎక్కాను. మిషన్ దించాను. బావమరిది లిఫ్టులకు వాడే నూనె నాలుగు చుక్కలు వేస్తే చక్రం గిర్రున తిరిగింది. వాడు మంత్రగత్తె తరఫున డ్రాగన్‌ను బతిమాలి రెండు కార్డులు పోగొట్టుకున్నాడు, లేచిన డ్రాగన్ మూడు కోటలు పడగొట్టింది, మా ఆవిడ గెలిచింది. నా బల్లను నిలువుగా తీసుకెళితే గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా తిప్పి హాల్లో పెట్టారు. ప్రస్తుతం అడ్డంగానే ఉంది, దాని మీద రెండో ఆట నడుస్తోంది.

ఈ మాట రాస్తుండగా మా ఆవిడ కుట్టడం పూర్తయిన చొక్కా ఒకటి పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. పద్దెనిమిదేళ్ల తర్వాత కుట్టిన మొదటి చొక్కా. పొంగిపోయి భుజానికి పెట్టి చూసుకున్నాను, పొడుగు సరిపోలేదు. పై వాటా మందుల షాపాయనదట.

“మరి నాది?” అన్నాను.

“బతిమాలడం ఇంకా అవలేదు,” అంది. తర్వాత ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి, నా కాగితాల వైపు చూసి అడిగింది.

“అభ్యంతరమా?”

ఉంది. చాలా ఉంది. భోజనాల బల్ల నిండా కుట్టు గుడ్డలే కనక, ఈ ఇంట్లో రాసుకోవడానికి మిగిలిన చివరి చదును ఈ ఇస్త్రీ బల్లే. కానీ గర్విష్ఠినని చెప్పుకున్నవాడి నోటికి ఆ మాట రాలేదు. లేదన్నాను. ఈ చివరి వాక్యం నిలబడి రాస్తున్నాను.