యువత సమ్మతితో

ప్రజా విధానం అన్నాక అందులో యువత ఉండి తీరాలి. లేకపోతే ఫొటోలో అన్నీ బట్టతలలే కనిపించి, ప్రజలకు భవిష్యత్తు మీద నమ్మకం సడలుతుంది. అందుకే రవాణా మంత్రిగారు యువ సలహా మండలి వేశారు. నర్సింగు చదివే ఒక అమ్మాయి అందులో సభ్యురాలైంది. (అర్హతలు రెండే: పాతికేళ్ళ లోపు వయసు, వరుసగా ఉన్న పళ్ళు.)

ఆమెకు కావలసింది మాత్రం ఒక్కటే, ఇంటికి చేర్చే బస్సు. కాలేజీ నుంచి వచ్చే సాయంత్రం ఆరింటి బస్సు తీసేస్తారని వినికిడి.

"ఆ బస్సు పోతే నీ చదువూ పోయినట్టే. చీకట్లో అంత దూరం నడిచొస్తానంటే ఒప్పుకోను," అని నాన్న తేల్చేశాడు.

"గట్టిగా అడుగు తల్లీ. టీ ఇచ్చారని మెత్తబడిపోకు," అంది అమ్మ, బట్టలు ఇస్త్రీ చేసిపెడుతూ.

టీ ఇచ్చారు. బిస్కెట్లు కూడా. యువాభిప్రాయ పర్యవేక్షకుడు ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి సంతకానికి ఒక కాగితం అందించాడు.

"ఏంటండీ ఇది?"

"సమావేశంలో ఏం జరిగిందో నివేదికమ్మా."

"ఇంకా మొదలే కాలేదుగా?"

"మొదలయ్యాక రాస్తే తప్పులు దొర్లుతాయమ్మా."

"నేను ఆరింటి బస్సు గురించి అడగాలండీ."

"అడుగు, అందుకేగా పిలిచింది! కాకపోతే పదిహేను రోజుల ముందే రాసివ్వాలి."

"నాకు పిలుపొచ్చిందే నిన్న."

ఆయన జాలిగా తలాడించి, 'యువతలో ముందుచూపు కొరవడింది' అని రాసుకున్నాడు.

అయినా మంత్రిగారి ప్రసంగం మధ్యలో ఆమె లేచి చెయ్యెత్తింది. "సార్, ఆరింటి బస్సు తీసెయ్యకండి. పద్దెనిమిది మందిమి దాన్ని నమ్ముకునే చదువుతున్నాం."

మంత్రిగారు చలించిపోయి చప్పట్లు కొట్టారు. సభంతా కొట్టింది. "చెయ్యి ఇంకాస్త పైకమ్మా, బాగా అడుగుతున్నట్టుండాలి," అన్నాడు ఫొటోగ్రాఫరు.

పర్యవేక్షకుడు నిజాయితీపరుడు. జరిగింది దాచలేదు. నివేదికలో 'నాలుగో అంశం: ఆరింటి బస్సు రద్దు' కింద కలంతో చేర్చాడు: 'ఈ అంశంపై యువత మాట్లాడింది. సభ చప్పట్లతో ఆమోదించింది.'

నెల తిరక్కుండానే బస్సు ఆగిపోయింది. బస్టాపుకు కొత్త పోస్టరొచ్చింది. అందులో ఆమె చెయ్యెత్తి నిలబడి, రాని బస్సును ఆపుతున్నట్టే ఉంది. "ఫొటోలో బాగా పడ్డావు," అన్నాడు నాన్న. మర్నాటి నుంచి ఆమె ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు, చదువు మానేసిన యువత కోసం ప్రభుత్వం ఒక విధానం తయారుచేస్తోంది. ముందు వరసలో మొదటి కుర్చీ ఆమెదే.