రెండు డిగ్రీల మొహమాటం

ఇంట్లోనూ కాలేజీలోనూ పొట్టి అని పేరుపడ్డ ఆ అమ్మాయి ఆ రోజు పొద్దున గట్టి నిర్ణయంతో లేచింది. లెక్కలు, లా కలిపి చదివే డబుల్ డిగ్రీలో లా మానేస్తానని కాలేజీలో మేడమ్‌కు చెప్పేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి కంటినిండా నిద్రపోవాలి. లెక్కలంటే ఆమెకు ప్రాణం. లా మాత్రం మొహమాటంతో నెత్తికెత్తుకున్నది. బట్టలు కుట్టే నాన్న ఓసారి "లా కూడా చదువుతావా?" అని అడిగాడు. కాదంటే చిన్నబుచ్చుకుంటాడని తలూపింది. అప్పటినుంచీ ఆమెకు పడుకోవడమంటే బస్సులో కునికిపాట్లే.

మేడమ్ ఆమెను చూసి ముఖం చాటంత చేసుకున్నారు.

"సమయానికొచ్చావమ్మా. కొత్తగా చేరేవాళ్లకి ఇవాళ మీటింగు. డబుల్ డిగ్రీ చదవడం మంచిదా కాదా అని ఒకటే అడుగుతున్నారు. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు."

"మేడమ్, నేనసలు వచ్చింది..."

"భయమా? ఏం పర్లేదు, నేను పక్కనే ఉంటాగా."

"అలాగే మేడమ్," అంది పొట్టి.

ఏవో రెండు ముక్కలు చెప్పేసి, ఆ తర్వాత అసలు సంగతి తేల్చేద్దామనుకుంది. తీరా హాల్లోకి వెళ్తే ఇసక వేస్తే రాలనంత జనం. ముందు వరసలో నాన్న, మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి కూర్చున్నాడు. మీటింగు మొదలయ్యేలోగా మేడమ్ ఫోన్ చేసి పిలిపించారట. ఎవరూ అడక్కుండానే పక్కవాళ్లతో "మా అమ్మాయే" అంటున్నాడు.

ఓ తల్లి లేచి, "నిద్రకి టైముంటుందా అమ్మా?" అని అడిగింది.

నిజం చెబుదామని నోరు తెరిచింది. నాన్న ముఖం కనబడింది. "శుభ్రంగా పడుకుంటానండీ."

"రెండింటి పరీక్షలూ ఒకేసారి వస్తే?"

"సరదాగా ఉంటుందండీ."

ఒక అబద్ధానికి ఇంకొకటి తోడై, చివరికి ఖాళీ దొరికినప్పుడు ఈత కూడా నేర్చుకుంటున్నానని చెప్పేసింది. మేడమ్ చప్పట్లు కొట్టారు, హాలంతా అందుకుంది.

అప్పుడు వెనకనుంచి ఓ బక్కపలచని పిల్ల లేచింది. "నాకు ఒకటే చాలనిపించిందక్కా. ఇంట్లోవాళ్లే రెండూ అంటున్నారు. మీరు చెప్పారుగా, ఇంక చేరిపోతాను."

పొట్టికి తల కొట్టేసినట్టయింది. తను మోయలేక దించుకుందామని వచ్చిన బరువును ఈ పిల్ల నెత్తిన పెడుతోంది. ఇంతకన్నా సిగ్గుమాలిన పని తన జన్మలో చేయలేదనిపించింది.

"చేరకు," అంది మైకులో. "నేను చెప్పిందంతా అబద్ధం. నాకు నిద్ర లేదు. ఈత రాదు. లా మానేస్తానని చెప్పడానికే పొద్దున వచ్చాను, చెప్పలేక ఇక్కడ నిలబడ్డాను. నీకిష్టమైతే రెండు కాదు, మూడు చదువు. ఎవరినో కాదనలేక మాత్రం చదవకు."

పొట్టి తలెత్తలేకపోయింది. నాన్న మెల్లగా దగ్గరకొచ్చాడు.

"నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"నువ్వే అడిగావుగా నాన్నా."

"ఊరికే అడిగాను. నువ్వు వెంటనే తలూపితే నీకే మోజనుకున్నా. నాకసలు లాయర్లంటేనే భయం."

పొట్టికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో బక్కపిల్ల వాళ్లమ్మతో, "ఒకటే చదువుతా," అని గట్టిగా చెప్పడం వినిపించింది. కాస్త ఊపిరాడింది.

మేడమ్ వచ్చి భుజం తట్టారు. "ఇన్నేళ్లలో ఇంత నిజం ఎవరూ చెప్పలేదమ్మా. రెండూ చదువుతూ నువ్వు పడే పాట్లు వచ్చే ఏడాది కూడా ఇలాగే వచ్చి చెప్పాలి."

"తప్పకుండా మేడమ్," అంది పొట్టి.

పాట్లు చెప్పాలంటే అప్పటిదాకా పడుతూ ఉండాలన్న సంగతి ఇంటికెళ్తూ సగం దారిలో గానీ ఆమెకు తట్టలేదు.