గోడౌన్‌లో దొరికిన స్పెయిన్

స్పానిష్ నవల అర్థం కావాలని స్పెయిన్ దాకా వెళ్లడమంత దండగమారి పని ఇంకొకటి లేదు! నమ్మకం లేకపోతే మృదులను అడగండి.

కెనడాలో మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న 2023లో, ఖమ్మం అమ్మాయి మృదుల కూడా దిగింది. ఆ దేశపు కేంబ్రిడ్జ్‌లో ఓ కాలేజీ, లాజిస్టిక్స్ డిప్లొమా. దాంతోపాటు ఒక ఎలక్టివ్ తప్పనిసరి. "స్పానిష్ మహానవల: ప్రయాణంతో పఠనం" అన్న పేరు, పక్కనే ఎర్రపెంకుల ఊరి ఫొటో చూసి మనసు పారేసుకుంది.

క్లాసులో నాలుగు వందల మంది! కాలేజీలో అంత గది లేక సినిమా హాలు అద్దెకు తీసుకున్నారు. షిఫ్టు దిగి వచ్చిన పిల్లలకు వెనక్కి వాలే కుర్చీలు ఏ మహా విశ్వవిద్యాలయం ఇస్తుంది చెప్పండి?

పాఠం చెప్పే ఆంజనేయప్రసాద్ గారు ఐటీ ఉద్యోగం పోయిన పెద్దమనిషి. ఒకసారి బార్సిలోనాలో విమానం మారారు కనుక స్పెయిన్ నిపుణులయ్యారు. నవల చదవలేదు. చదివితే పక్షపాతం వస్తుంది కదా!

మృదుల మాత్రం తొందరపడి చదివేసింది. లైబ్రరీ నుంచి ఆ లావుపాటి పుస్తకం తెచ్చుకుని, గోడౌన్ పనిలో బ్రేకు దొరికినప్పుడల్లా తెరిచేది. ఒకచోట నవ్వాపుకోలేక చేతిలో స్కానర్ జారవిడిచింది. చివర్లో ఏడ్చింది.

ప్రయాణం రోజు వచ్చింది. వీసాలు కుదరలేదు కాబట్టి స్పెయిన్‌నే దగ్గరికి తెచ్చామన్నారు. నలభై మందితో మొదటి బస్సు బయల్దేరి, ఇరవై నిమిషాల్లో ఒక గోడౌన్ ముందు ఆగింది. మృదుల కిటికీలోంచి బోర్డు చదివింది. అది తను పనిచేసే గోడౌనే!

"ఇవన్నీ స్పెయిన్ ఆలివ్ నూనె డబ్బాలు. వాసన చూడండి, ఆ దేశం ఆత్మ తెలుస్తుంది!" అన్నారు సారు.

సీలు వేసిన డబ్బాలను నలభై మందీ భక్తిగా వాసన చూశారు.

ఇంతలో సూపర్‌వైజర్ వీరభద్రం కంట పడింది మృదుల.

"ఇవాళ నీకు ఆఫ్ కదా? ఎట్లాగూ వచ్చినవ్, ఆ మూడు పాలెట్లు సర్దిపో."

"అన్నా, ఇప్పుడు నేను స్పెయిన్‌లో ఉన్న."

వీరభద్రం నవ్వలేదు. "బ్రేకుల్లో నువ్వు చదివే పుస్తకమేనా? ఏముంది అందులో?"

పిల్లలందరూ సారు వైపు చూశారు. సారు మృదుల వైపు చూశారు.

"నాక్కూడా చెప్పమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "నిజంగా తెలీదు."

మృదుల డబ్బాలు పేర్చే చెక్క పాలెట్ మీద కూర్చుని కథ మొదలుపెట్టింది. కాసేపటికి ఫోర్క్‌లిఫ్టులు ఆగాయి. ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. చివరికొచ్చేసరికి వీరభద్రం కళ్లు తుడుచుకుంటున్నాడు, ఆంజనేయప్రసాద్ గారు నోట్సు రాసుకుంటున్నారు.

సెమిస్టర్ మొత్తం మీద జరిగిన ఒకే ఒక్క పాఠం అది. కాలేజీ మాత్రం ఆ రోజు నలభై మందికీ ఆబ్సెంట్ వేసింది.

అందులో తప్పేముంది? ఒక కోర్సులో పాఠం జరిగిందని బయటికి పొక్కితే, మిగతా కోర్సుల పిల్లలు కూడా అడగరూ!