దర్జీగారు నింపిన హాలు

ఆ ఉదయం దర్జీగారు వేసుకున్న పథకం చిన్నదే. కాలేజీలో భార్య ఉపన్యాసం ఖాళీ కుర్చీల ముందు జరగకూడదు, అంతే. వస్తువును చూపించడానికి వాడే, “అది” అనే అర్థం వచ్చే మాట, ప్రాచీన జర్మానిక్ భాషల్లో రెండు వాక్యాలను కలిపే మాటగా ఎలా మారిందన్నది ఆవిడ ఏళ్ళ తరబడి చేస్తున్న పరిశోధన. కిందటిసారి ఇద్దరే వచ్చారు, వాళ్ళలో ఒకడు ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాడు. ఈసారీ అంతే అయితే ఆ పాఠమే ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ తేల్చేశాడు. ఆవిడకు తిండి సహించడం లేదు. అది చూడలేక దర్జీగారు, బట్టలు కాలేజీలోనే ఇస్తాను, అక్కడికే రండని ఖాతాదార్లందరికీ కబురు పెట్టారు.

జనం విరగబడ్డారు. దర్జీ చెప్పిన రోజుకే బట్టలిస్తాడంటే నమ్మకం కలగక, బట్టలు ఇంకా కుట్టడం కానివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నం పెళ్ళి పెట్టుకున్న పెళ్ళికొడుకు కోటు కోసం చుట్టాలతో దిగాడు. కుర్చీలు చాలకపోవడం చూసి ప్రిన్సిపాల్ మురిసిపోయి అందరినీ పెద్ద హాలుకు తరలించాడు. దర్జీగారు తెచ్చిన బట్టల మూట మాత్రం మొదటి గదిలోనే ఉండిపోయింది. ప్యూను ఆ గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని టీకి వెళ్ళాడు.

ఇక ఎవరూ కదల్లేదు. అంతమంది శ్రద్ధ చూసి ఆవిడ ధైర్యంగా చెప్పుకుపోయింది. పెళ్ళికొడుకు కళ్ళలో నీళ్ళు చూసి, ఇంత కదిలిపోయాడా అని మరో రెండు ఉదాహరణలు చెప్పింది. ఇకపై వారం వారం ఈ ఉపన్యాసం ఉంటుందని ప్రకటించి ప్రిన్సిపాల్ వెళ్ళిపోయాడు. అప్పుడు ప్యూను వచ్చి గది తెరిచాడు. పెద్ద హాలు చిటికెలో ఖాళీ అయింది.

ఆవిడకు అంతా అర్థమైంది. మొహం చిన్నబోయింది.

“వీళ్ళంతా బట్టల కోసం వచ్చారా అండీ?”

“నేను నీ కోసమే వచ్చాను.”

“మీరు మొదటినుంచీ నిద్రపోయారు.”

“నీ గొంతు వింటుంటే నాకు భయం పోతుంది. భయం పోతే నిద్రొస్తుంది.”

ఆవిడకు కోపం రాలేదు. పైగా ఆయన మీద జాలీ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. అంతలో వెనక వరసలోంచి పెళ్ళికొడుకు నాయనమ్మ పిలిచింది. ఆ ముసలావిడ అసలు లేవనే లేదు.

“నా జాకెట్టు మావాళ్ళు తెస్తార్లే అమ్మా. ఆ మాట వాక్యాలు కలపడం మొదలెట్టాక, చూపించే పని మానేసిందా?”

“లేదండీ, రెండూ చేస్తోంది” అంటూ ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది. పెళ్ళివాళ్ళు రెండుసార్లు వచ్చి పిలిచినా ఇద్దరూ కదల్లేదు.

దర్జీగారు వచ్చేవారం హాలును తలుచుకుని, ఆ సాయంత్రమే ఇంకో కుట్టుమిషను బేరం చేశారు.