నాలుగు కంప్యూటర్లల్ల నాలా

"మన పార్టీ ఫైళ్లు ఇగ మీదట పరాయి దేశం క్లౌడుల ఉండవు. చాంద్రాయణగుట్టల, నా ఇంట్ల, పూజగది పక్క రూంల ఉంటయి" అని మా డివిజన్ అధ్యక్షుడు వేణుగోపాలన్న ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించిండు. ప్రెస్ తరఫున ఇద్దరొచ్చిన్రు. అండ్ల ఒకాయన రెండో ఆయన డ్రైవర్.

నాది ఫ్లైఓవర్ కింద ఫ్లెక్సీల దుకాణం. అన్న నవ్వే ఫొటో, దండం పెట్టే ఫొటో, ఫోన్ల మాట్లాడే ఫొటో, అన్నీ నా దగ్గరనే ప్రింటయితయి. గందుకే ఈ మహత్కార్యంల నాకూ చోటు దొరికింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించింది అన్న మేనకోడలు స్రవ్య, ఇంజనీరింగ్ చదివిన పిల్ల. ఇంట్ల మూలకున్న పాత కంప్యూటర్‌ను సర్వర్ చేసింది. నా దుకాణంల, పత్తర్‌గట్టి చీరల షాపుల, గుడిమల్కాపూర్ పూలమార్కెట్ల మనోళ్ల కంప్యూటర్లను దానికి కలిపింది. ఒకదాంట్ల ఫైలు పెడితే అన్నిట్ల పడ్తది, ఒకదాంట్ల తీసేస్తే అన్నిట్లకెల్లి పోతది అని చెప్పింది. ఇది ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు, లోపల ఎట్ల రాసిన్రో ఎవరైనా చూడొచ్చు అన్నది.

అన్నకు ఆ చివరి మాట నచ్చలే. "మరి దీనికి ఓనరెవరు?"

"ఎవరూ లేరు మామా."

"ఎవరూ లేకుంటే నేనే" అని అన్న నిమ్మళమయిండు.

అదే రోజు 'క్లౌడును ఇంటికి తెచ్చిన మొనగాడు' అని ఫ్లెక్సీ ఆర్డరొచ్చింది. అన్న ఎనుక నల్ల మబ్బులు పెట్టిన. వానను చూస్తే జనానికి నాలా యాదికొస్తదని తెల్లయి పెట్టించిండు. అంత దూరం ఆలోచించే లీడర్ మాకు దొరకడం మా అదృష్టం.

నాలా లొల్లి రాజమణిది. మా ఎనుక బస్తీల ఉంటది, గుడిమల్కాపూర్ల పూలు కొనుక్కొచ్చి చౌరస్తాల అమ్ముతది. వాన పడితే చాలు, మురికినీళ్ల నాలా పొంగి ఆమె ఇంట్లకొస్తది. పోయిన వానకాలం తల్లి సత్తెమ్మను మంచంతోని లేపి పక్కింటోళ్ల మేడ మీదికి ఎక్కించిన్రు. అన్న మీటింగంటే బస్తీ ఆడోళ్లందరినీ తోల్కొచ్చేది కూడా రాజమణే.

ఆమె నా దుకాణానికొచ్చి తన బాధంతా చెప్పింది. నేను టైపు చేసి, గోడ మీద నీళ్ల మరక ఫొటోలు కలిపి, ఫోల్డర్ల పెట్టిన. ఆమె అన్న ఇంటికి నడిచిపోయేలోపల ఫైలు ఆడికి చేరింది. అన్న ఆమెకు స్క్రీన్ చూపిచ్చిండు.

"చూడు రాజమణీ, నీ నాలా ఇప్పుడు నాలుగు కంప్యూటర్లల్ల ఉన్నది. ఇంతకుముందు ఏ లీడరన్నా నీ నాలాను పత్తర్‌గట్టి దాంక తీస్కపోయిండా?"

రాజమణి సోంచాయించింది. "లేదన్నా. నీళ్లు గూడ ఆడిదాంక పోతే మంచిగుండు" అన్నది.

ఆ వారమే వాన దంచింది. రాజమణి మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి ఫొటో పంపింది. నీళ్లు ఇంకా తగ్గకముందే ఫొటో అన్న ఇల్లు చేరిందని, ఇది టెక్నాలజీ విజయమని అన్న పేపరోళ్లకు చెప్పిండు. సత్తెమ్మకు జ్వరమొచ్చింది. అన్న ఊకోలే. రాజమణి ఫైలును 'పెండింగ్' ఫోల్డర్ల నుంచి 'పరిశీలన'కు, ఆడికెల్లి 'సీరియస్ పరిశీలన'కు మార్చిండు. మార్చినప్పుడల్ల నాలుగు చోట్ల ఒక్కసారే మారింది.

ఎన్నికలు దగ్గర పడ్డయి. ఒక పొద్దున కంప్యూటర్ తెరిస్తే ఫోల్డర్ల జెండాలన్నీ వేరే రంగుకొచ్చినయి. అన్న పార్టీ మారిండని పేపర్ కంటే ముందు నాకు గట్లనే తెలిసింది. కలిసింది ఎల్లేష్ పార్టీల. ఇన్నేండ్లు అన్న ప్రతి మీటింగుల దొంగ అని తిట్టింది ఆ ఎల్లేష్‌నే.

అన్న ఇంట్ల ఐక్యతా సభ పెట్టిన్రు. రాజమణి ఆడోళ్లను తోల్కొచ్చి గడప దగ్గర నిలబడ్డది. ఎల్లేష్ తన లాప్‌టాప్ తెచ్చిండు. రెండు పార్టీల ఫైళ్లు కలవాలె గద, టైం పడ్తదని స్రవ్య అన్నది. అందరికీ చాయ్ చెప్పిన్రు.

చాయ్ రాకముందే అయిపోయింది. రెండు దిక్కులా ఒక్కతీరుగున్న ఫైళ్లను సాఫ్ట్‌వేర్ మళ్ల పంపదట. ప్రసంగాలు, హామీలు, తిట్లు అన్నీ అక్షరం పొల్లు పోకుండ కలిసినయి. ఇద్దరికీ టైపు చేసేది నేనే. 'ఎదుటి పార్టీ' అని రాస్తే ఎవరికైనా పనికొస్తది.

ఒక్క ఫైలు మాత్రం ఎల్లేష్ దగ్గర లేదని స్క్రీన్ చూపెట్టింది. రాజమణి నాలా.

"ఏందది?" అని ఎల్లేష్ అడిగిండు.

"ఏం లేదు భాయ్, చిన్న తేడా" అన్నడు అన్న.

"గా లాప్‌టాప్‌కు గూడ పంపు బిడ్డా" అని రాజమణి గడప కాడికెల్లి స్రవ్యతోని అన్నది.

స్రవ్య మౌస్ మీద చెయ్యి పెట్టింది. అన్న మెల్లగ ఆ చెయ్యి జరిపి, మౌస్ తను తీస్కొని, ఫైలును డిలీట్ కొట్టిండు. స్క్రీన్ మీద పచ్చ టిక్కు పడ్డది. ఇగ రెండు పార్టీల నడుమ ఏ తేడా లేదని ఎల్లేష్ లేచి ప్రకటించిండు. అందరూ చప్పట్లు కొట్టిన్రు.

రాజమణి నా దిక్కు చూసింది. "అన్నిట్లకెల్లి పోయిందా?"

"పోయింది" అని చెప్పిన.

ఆమె కొంగు దులుపుకొని బయటికి నడిచింది. ఆడోళ్లంత ఒకరి ఎనుక ఒకరు లేచి ఆమె ఎంబడి పోయిన్రు.

తెల్లారి సభ ఫొటోల జనం పల్చగ కనిపిస్తున్నరని అన్న ఫోన్ చేసిండు. పాత మీటింగులకెల్లి ఆడోళ్లను తెచ్చి అతికించుమన్నడు. అతికిచ్చిన. ఫ్లెక్సీ ఫ్లైఓవర్ పిల్లర్‌కు కట్టిన్రు, మస్తుగొచ్చింది. ముందు వరుసల మూడు చోట్ల రాజమణి నవ్వుకుంట చప్పట్లు కొడుతున్నది.