బొడ్డురక్తం పెట్టె

రాజాం మెయిన్ రోడ్డులో రంగుల దుకాణం నడిపే నగరేశ్వరరావుకి ఆ ఉదయం ఉన్న పని ఒక్కటే. నిండు చూలాలైన కూతురు హైమని కారులో తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్పించాలి. హైమకంటే ముందు కారెక్కాల్సింది మాత్రం ఒక తెల్ల అట్టపెట్టె. అందులో సూది అమర్చిన సంచి ఉంటుంది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడులో మిగిలిన రక్తాన్ని డాక్టరు ఆ సంచిలోకి పట్టాలి. కంపెనీవాళ్ళు దాన్ని పట్టుకుపోయి మంచుకంటే చల్లటి చోట దాస్తారు. రేపెప్పుడో బిడ్డకి పెద్ద జబ్బేదైనా చేస్తే అందులోని మూలకణాలు పనికొస్తాయట.

ఈ ముక్కలన్నీ ఆయన చెవిలో పోసినవాడు కంపెనీ ఏజెంటు పృథ్వీరాజ్. "మీ రెండు కుటుంబాల్లోనూ అలాంటి జబ్బులు లేవు, దాచినా అక్కరకొచ్చేది చాలా అరుదు" అని డాక్టర్ అనూరాధ ముందే చెప్పింది. కానీ ఆవిడ నూలుచీర కట్టుకుని చెప్పింది, పృథ్వీరాజ్ టై కట్టుకుని చెప్పాడు. మన పెద్దమనిషి టైని నమ్మాడు. నమ్మి ఊరుకున్నాడా? సాలూరులో లారీలు తిప్పే వియ్యంకుడు జగన్నాధానికి ఫోను చేసి, "తొలి పురుడు మాది బావగారూ, మనవడి రక్తం దాయించే పూచీ కూడా మాదే!" అని మాటిచ్చేశాడు. ఇక దుకాణానికి సున్నం కోసం వచ్చినవాడికల్లా మూలకణాల మీద ఉపన్యాసమే. వినలేక కొందరు సున్నం ఎదుటి కొట్లో కొనుక్కున్నారు.

తీరా చూస్తే పెట్టె బీరువాలో లేదు. దేవుడి గదిలో ఉంది. సీలు చింపి ఉంది. లోపలి సంచి మీద అడ్డంగా పసుపు, నడుమ కుంకం బొట్లు నిగనిగలాడుతున్నాయి. ఆయన ఇల్లదిరేలా కేకేశాడు.

"ఒసే, సీలెవులు తీసినారే?"

"నేనే" అంది భార్య కన్యాకుమారి, చేతికంటిన పసుపు తుడుచుకుంటూ. "కొత్త వస్తువుని బొట్టు పెట్టకుండా గడప దాటిస్తామేటండీ? మీ కాటాకి పెట్టలేదేటి, కారుకి పెట్టలేదేటి? పై అట్టకి పెడితే ఏటి లాభమని లోపల సంచికే పెట్టినాను."

"ఓసి తెలివితక్కువదానా! అందులోకి సూక్ష్మజీవి దూరకూడదే! నీ సేత్తో దూర్సీసినావు!"

అక్కడితో ఆగి ఉంటే ఆయన నగరేశ్వరరావు ఎందుకవుతాడు? సంచిని తీసుకెళ్ళి, సలసలా మరిగే నీళ్ళలో ముంచి, గిన్నెలు తోమే సబ్బుతో రుద్ది, హైమ జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టి ఆరబెట్టాడు. సంచి కాల్చిన అప్పడంలా ముడుచుకుపోయింది. ఆ పాపం కూడా భార్య నెత్తినే రుద్ది, విజయనగరంలో ఉన్న పృథ్వీరాజ్‌కి ఫోను కొట్టాడు.

"కంగారు పడకండి సార్, ఇంకో పెట్టె పట్టుకుని బండి మీద బయల్దేరుతన్నాను" అన్నాడు పృథ్వీరాజ్.

సరిగ్గా అప్పుడే హైమ గోడ పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. "నాన్నా, నొప్పులు మొదలైనాయి."

"కాసేపు ఓర్సుకో తల్లీ, పెట్టె వస్తన్నాది."

"ఓర్సుకోడం నా సేతిలో ఉన్నాదేటి నాన్నా!"

అయ్యో కూతురు అని కారు తిప్పుతాడనుకున్నారా? తిప్పాడు, విజయనగరం వైపు. ఎదురెళ్ళి పెట్టె అందుకుంటే వేగిరం అవుతుందట. నొప్పులు పడుతున్న పిల్లని కన్యాకుమారి వీధి చివరి ఆటోలో, గతుకు గతుకుకీ దేవుణ్ణి తలుచుకుంటూ ఆసుపత్రికి చేర్చింది.

చీపురుపల్లి దాటాక రైలు గేటు పడింది. గూడ్సు బండి వచ్చి, గేటుకి అడ్డంగా ఆగి, ఇక కదల్లేదు. పెట్టెల సందులోంచి చూస్తే అవతల పృథ్వీరాజ్, బండి మీద తెల్ల పెట్టెతో చక్కగా నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఫోన్లు తీశారు.

"ఒరే బాబూ, ఆ సందులోంచి ఇలగ ఇసిరియ్!"

"కంపెనీ ఒప్పుకోదు సార్. సున్నితమైన సరుకు."

ఆ మాటల మధ్యలో కన్యాకుమారి నుంచి ఫోను మీద ఫోను. ఏజెంటుతో మాట తెగిపోతుందని ఆయన ప్రతిసారీ కట్ చేశాడు. వియ్యంకుడిది మాత్రం ఎత్తాడు.

"ఏటి బావగారూ, ఎంతవరకు వచ్చింది?" అన్నాడు జగన్నాధం.

"అంతా మన సేతిలోనే ఉన్నాది!" అన్నాడు గూడ్సు పెట్టెల్ని చూస్తూ.

గూడ్సు కదిలింది, గేటు లేచింది. పెట్టె లాక్కుని, పృథ్వీరాజ్‌ని వెంటేసుకుని, రొప్పుతూ ఆసుపత్రి మెట్లెక్కాడు. పెట్టెని అనూరాధ చేతిలో పెట్టబోయాడు.

"ఆడపిల్ల. బాగుంది" అంది డాక్టరమ్మ. "పెట్టె అక్కర్లేదండీ. బొడ్డు కొయ్యడానికి కాసేపు ఆగాం. ఆ రక్తం చాలావరకు పాప ఒంట్లోకే వెళ్ళింది."

"ఎవుల్నడిగి సేసినారు?"

"హైమని. తనే అలా కావాలంది. తరవాత తనకి రక్తం ఎక్కువ పోయింది. సీసా తెప్పించి ఎక్కించాం. మీ ఆవిడ అన్నిసార్లు ఫోను చేస్తే ఎందుకు ఎత్తలేదు?"

నగరేశ్వరరావు బల్ల మీద కూలబడ్డాడు. పెద్ద ప్రాణానికి ఏమైనా అయ్యుంటే! ఆ ఆలోచన ఆయన బుర్రలోకి ఆ రోజు మొత్తంలో అప్పుడే మొదటిసారి వచ్చింది. తలుపు అద్దంలోంచి చూస్తే హైమ కళ్ళు మూసుకుని పడుకుంది, పక్కన గుడ్డలో చుట్టిన పిడికెడు పాప. కళ్ళు తుడుచుకున్నాడు. పృథ్వీరాజ్ మాత్రం ఆ సరికే పక్క మంచం గర్భిణి మొగుడికి కరపత్రం అందిస్తున్నాడు.

"ఇప్పుడు గండం గడిచింది" అంది అనూరాధ. "ఎక్కించినదానికి బదులు ఇంట్లోంచి ఒకరు రక్తం ఇవ్వాలి. మీకు బీపీ, షుగరు ఏమీ లేవుగా? రండి."

"నేనా?" అన్నాడు. చుట్టూ చూశాడు. రక్తం విలువ మీద ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు వరండాలోనే ఉన్నారు. తప్పేది కాదు. చొక్కా చెయ్యి పైకి మడిచి పడుకున్నాడు. నర్సు దూదితో మోచేతి మడత తుడిచింది. సూది పైకెత్తిందో లేదో, ఆయన కళ్ళు తేలేసి మంచం మీంచి కిందికి జారిపోయాడు.

"ఆయన్నిలగ పక్కకి లాగండమ్మా" అంది కన్యాకుమారి, ఖాళీ అయిన మంచం మీద తాను పడుకుని చెయ్యి చాస్తూ. "నాది తీసుకోండి."

రక్తం ఇచ్చినవాళ్ళ కోసం ఉంచిన పళ్ళరసం మాత్రం నగరేశ్వరరావుకే పట్టాల్సి వచ్చింది.