శాంతి బల్ల

మనిషి బతికే ఉన్నాడనడానికి అతని మాట ఒక్కటే చాలదని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చేసింది. నలుగురు సాక్షులు కావాలి: ఒంటి వేడి, నాడి, ఊపిరి, బీపీ. మొదటి ముగ్గురూ మర్యాదస్తులు. వేడి చంకలో దొరుకుతుంది, నాడి మణికట్టు దగ్గర దొరుకుతుంది. ఊపిరిని మా ఆరోగ్య కేంద్రంలో ఎవరూ లెక్కపెట్టరు, అందరికీ పద్దెనిమిది అని రాసేస్తారు (ఇంతవరకూ ఏ రోగీ అభ్యంతరం చెప్పలేదు). పేచీ అంతా నాలుగో సాక్షితోనే. చేతికి పట్టీ చుట్టగానే బీపీ పెరుగుతుంది. పెరిగిందేమిటని కంగారుపడితే ఇంకాస్త పెరుగుతుంది.

మా పెద్దమ్మకి జరిగింది అదే. పెద్దమ్మ ఒక టైలరు షాపుకి చేత్తో కాజాలు కుట్టి ఇస్తుంది. రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చి, ఈమధ్య గుండీ ఒకచోటా, కాజా ఒకచోటా పడుతున్నాయి. "ఈ నెల చూస్తానక్కా, ఆ తర్వాత కాజాల మిషను కొనుక్కుంటాను, ఏమనుకోకు" అని టైలరు మెత్తగానే చెప్పాడు. కంటి డాక్టరు ఆపరేషనుకి సరేనన్నాడు. ఒకటే షరతు, బీపీ నార్మల్ అని ఆరోగ్య కేంద్రం ముద్ర వేయాలి. వీధి చివర మందుల షాపులో చూపిస్తే నార్మల్‌గానే ఉంది. కానీ ఆ షాపతని దగ్గర ముద్ర లేదు, ముద్ర లేని నార్మల్ చెల్లదు.

ఇక కేంద్రం సంగతి. వచ్చినవాళ్లందరికీ బీపీ ఎక్కువే ఉంటోందేమిటని పైవారికి అనుమానం వచ్చి కమిటీ వేశారు. కమిటీ వారు పుస్తకాలు తిరగేసి, బీపీ చూసే ముందు రోగి ఐదు నిమిషాలపాటు మాట్లాడకుండా, వీపు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ప్రశాంతంగా కూర్చోవాలని కనిపెట్టారు. చక్కటి సలహా. నర్సుకి చెబితే ఒక్క కుర్చీతో తేలిపోయేది. అందుకని నర్సుకి చెప్పలేదు. శాంతి విభాగం పెట్టారు.

విభాగానికి ఒక గది, గదిలో ఆరుగురు పట్టే బల్ల, గోడకి గడియారం, గడియారం కింద శాంతి పర్యవేక్షకుడు. (ఈయన ఇంతకుముందు సైకిల్ స్టాండు చూసుకునేవారు. అక్కడ రోజూ ఎవరితోనో ఒకరితో తగాదా పడుతున్నారని ఇక్కడికి మార్చారు.) ఎప్పుడూ నోటి మీద వేలుంచుకుని కూర్చుంటారు కనుక జనం ఆయన్ని ఉష్షుగారు అంటారు. మనిషికో గడియారం కొనే స్తోమత విభాగానికి లేదు. కాబట్టి ఐదు నిమిషాలూ బల్లకంతా కలిపి లెక్క. ఒక్కరు నోరు విప్పినా ఆరుగురికీ శాంతి మళ్లీ మొదటికొస్తుంది.

మొదటి రోజు పెద్దమ్మకి తోడు వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. నాలుగు నిమిషాలు సజావుగా గడిచాక బల్ల చివరనున్న ముసలాయన తుమ్మాడు.

"మళ్లీ మొదట్నుంచి" అన్నారు ఉష్షుగారు.

"తుమ్మితే మాట్లాడినట్టు కాదు కదండీ" అంది పెద్దమ్మ.

"ఇప్పుడు మీరు మాట్లాడారు. మళ్లీ మొదట్నుంచి."

"ఊరుకోండమ్మా, నేను డ్యూటీకి పోవాలి" అన్నాడు పక్కనున్న బస్సు డ్రైవరు.

"మళ్లీ మొదట్నుంచి."

మధ్యాహ్నమయ్యేసరికి బల్లంతా పళ్లు బిగించి, తుమ్మినాయన వైపు కొరకొరా చూస్తూ కూర్చుంది. చప్పుడు లేదు కాబట్టి నిబంధన ప్రకారం అది ప్రశాంతతే. పెద్దమ్మ బీపీ నూట డెబ్బై దాటింది. "ఇంతసేపు శాంతంగా కూర్చోబెట్టినా తగ్గలేదేంటమ్మా" అని నర్సమ్మ బాధపడింది.

మరుసటి వారానికి నిబంధనలు ముదిరాయి. కళ్లు మూసుకుంటే నిద్ర, నిద్ర శాంతి కిందికి రాదు. నవ్వితే ఉద్రేకం. గడియారం వైపు చూస్తే ఆత్రుత. పెద్దమ్మకి అక్కడ గడియారం ఉన్నట్టే తెలియదు, అయినా ముఖం అటు తిరిగి ఉన్నందుకు ఆత్రుత కిందే జమ కట్టారు. బల్లవాళ్లు కూడా ఆరితేరారు. దగ్గు ఉన్నవాణ్ని పక్కన కూర్చోనివ్వడం లేదు. దాంతో ఏ జబ్బూ లేనివాళ్లే ఆరోగ్య కేంద్రానికి రావడం మంచిదన్న అభిప్రాయం బలపడింది.

తిరిగొస్తుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "భయమేస్తోందిరా" అంది. "కుట్టకుండా నేనెప్పుడైనా ఉన్నానా? ఆ బల్ల మీద కూర్చోగానే అదే గుర్తొస్తుంది. ఇంక శాంతి ఎక్కణ్నుంచి తెచ్చేది?"

నాకు జాలేసింది, ఒళ్లు మండింది కూడా. అయితే మళ్లీ ఆ గుమ్మంలోనే నిలబడాల్సినవాణ్ని కనుక, మండిన ఒంటిని అక్కడే చల్లార్చుకున్నాను.

నాలుగోసారి వెళ్లిన రోజు పొద్దున్నే టైలరు ఫోన్ చేసి, మిషను వచ్చేసిందనీ, అక్క ఇక శ్రమపడనక్కర్లేదనీ చెప్పాడు. ఆపరేషనైతే మళ్లీ అడుగుదామని పెద్దమ్మ బయల్దేరింది. బల్ల నిండింది, గడియారం మొదలైంది. అప్పుడు ఉష్షుగారు లేచి (పర్యవేక్షకుడి మాట మాట కిందికి రాదు) ఒక ప్రకటన చేశారు. కంటి డాక్టరు గారికి బదిలీ అయింది. కొత్తాయన వచ్చేదాకా ఆపరేషన్లు లేవు. ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు.

ఒళ్లో బిగించుకున్న పెద్దమ్మ చేతులు వదులయ్యాయి. శాంతి విభాగం చరిత్రలో మొదటిసారి ఐదు నిమిషాలు ఒక్కసారి కూడా మొదటికి రాకుండా పూర్తయ్యాయి.

బీపీ నూట ఇరవై, ఎనభై. నర్సమ్మ సంబరపడి రెండోసారి కూడా చూసింది. అంతే ఉంది. ముద్ర పడింది. ఉష్షుగారు ఫోను తీసి పెద్దమ్మని ఫోటో తీశారు. తీస్తున్నట్టు ఆవిడకి తెలియదు, ఫోను కనిపిస్తేగా.

పోయిన వారం మోకాళ్ల నొప్పులకని మళ్లీ కేంద్రానికి వెళ్లాం. గేటు పక్కనే నిలువెత్తు పోస్టరు, మీద "ప్రశాంతతే ఆరోగ్యం" అన్న అక్షరాలు, కింద పెద్దమ్మ బొమ్మ. పెద్దమ్మ ఆగి, ముఖం దాదాపు ఆనించినంత దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఈవిడ? ఏ చీకూ చింతా లేనట్టుంది, అదృష్టవంతురాలు" అంది.

చెబితే బీపీ పెరుగుతుందని ఊరుకున్నాను.